పుస్తకం పోతే మమ్మల్ని అడుగుతారు, తీసేసేటప్పుడు కూడా అడగండి

మా విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, పాలకమండలి సభ్యులకు, గ్రంథాలయ సలహా సంఘంలో ఉన్న ఆచార్యులందరికీ,

తిరుపతి నుంచి, పుస్తకాలు ఇచ్చి తీసుకునే సర్క్యులేషన్ కౌంటర్‌లో పనిచేసే ఒక గ్రంథాలయ సహాయకురాలు నమస్కరించి రాసుకుంటున్నది.

అయ్యా, అమ్మా,

పోయిన సోమవారం మా కౌంటర్‌కి ఒక జాబితా వచ్చింది. స్పైరల్ బైండింగ్ వేయించిన లావుపాటి జాబితా. సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం ఇవి ఒక్కసారి కూడా ఇష్యూ కాని పుస్తకాలనీ, నెలాఖరుకల్లా వీటిని రాక్‌ల నుంచి దించి కట్టలు కట్టి వెనక గోడౌన్‌కి చేర్చాలనీ పైన అతికించిన కాగితంలో ఉంది. తర్వాత స్టాక్ రిజిస్టర్‌లోంచి కొట్టేస్తారట. ఖాళీ అయిన చోట రీడింగ్ హాల్ పెంచుతారట. కింద సంతకం. ఆ కింద, కౌంటర్ సిబ్బందికి సమాచారం కోసం అని.

ముందు మా సెక్షన్‌లోనే చెప్పాను. "కమిటీలో పాసయిపోయింది కదమ్మా, ఇప్పుడు మనమేం చేస్తాం" అన్నారు. కమిటీలో మా కౌంటర్ నుంచి ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు. అందుకే నలుగురికీ కనబడేలా రాస్తున్నాను. తప్పనిపిస్తే క్షమించండి. ఊరుకోవడం మాత్రం నావల్ల కాలేదు.

నేను 2006లో చేరాను. అప్పటికి మా దగ్గర కంప్యూటర్ లేదు. ప్రతి పుస్తకం వెనక అట్టకి లోపల ఒక చిన్న కాగితం జేబు, అందులో బుక్ కార్డు. విద్యార్థి చేతిలో అట్ట టికెట్లు. పుస్తకం ఇచ్చేటప్పుడు కార్డు తీసి టికెట్‌లో దోపి, తేదీ వరసన ట్రేలో నిలబెట్టేవాళ్ళం. పుస్తకం చివరి పేజీకి అతికించిన డ్యూ డేట్ స్లిప్పు మీద టక్కున ముద్ర వేసేవాళ్ళం. ఆ ముద్ర చప్పుడు వింటూనే నేను పని నేర్చుకున్నాను. కంప్యూటర్ వచ్చాక కార్డులు పోయాయి, టికెట్లు పోయాయి. ముద్ర మాత్రం ఉంది. ఎప్పటికి తిరిగి ఇవ్వాలో పిల్లలకి కంటికి కనబడాలి కదా అని మేమే దాన్ని మానలేదు.

ఆ ముద్రల గురించే మీకు ముందుగా చెప్పాలి. మీ జాబితా మొత్తం నిలబడింది ఒక సున్నా మీద. ఇష్యూలు: సున్నా. ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. 2017లో పాత సాఫ్ట్‌వేర్ నుంచి ఇప్పటి దానికి మారాం. అప్పుడు పుస్తకాల పేర్లు, యాక్సెషన్ నంబర్లు (స్టాక్ రిజిస్టర్‌లో పుస్తకం వరస సంఖ్య), కాల్ నంబర్లు (ఏ రాక్‌లో ఉండాలో చెప్పే అంకె) అన్నీ ఇటు వచ్చాయి. ఏ పుస్తకాన్ని ఎవరు ఎప్పుడు తీసుకెళ్ళారన్న పాత లెక్క రాలేదు. ఆ రోజుల్లో డేటా మార్చడానికి వచ్చిన కుర్రాళ్ళకి టీ తెప్పించి ఇచ్చింది నేనే. "పాత ఇష్యూలు రావా బాబూ?" అని అడిగితే, "అవెందుకు మేడం, ఇప్పుడు బయట ఉన్న పుస్తకాలు వస్తే చాలు కదా" అన్నారు. అంటే మీ కంప్యూటర్‌కి తెలిసిన చరిత్ర 2017తో మొదలవుతుంది. అందులో 2020, 2021 కోవిడ్ కింద పోయాయి. తలుపులు మూసి ఉన్న నెలల్లో ఏ పుస్తకం ఇష్యూ అవుతుంది?

సర్వర్ పనిచేయని రోజులు వేరే. ఆ రోజుల్లో కౌంటర్ ఆపలేం. పీలేరు నుంచో పలమనేరు నుంచో బస్సెక్కి వచ్చిన పిల్లని రేపు రమ్మని ఎలా పంపుతాం? పొడుగు నోటుబుక్కులో రాసుకుని పుస్తకం ఇచ్చేస్తాం. సర్వర్ వచ్చాక అందులోవి ఎక్కించాలి. ఎక్కించిన రోజులున్నాయి, ఎక్కించకముందే పుస్తకం తిరిగొచ్చేసిన రోజులున్నాయి. తిరిగొచ్చిన దాన్ని నోటుబుక్కులో కొట్టేస్తాం. కంప్యూటర్‌కి ఆ సంగతే తెలియదు.

మంగళవారం సాయంత్రం కౌంటర్ మూశాక నేనూ మా అటెండర్ అన్నా జాబితా పట్టుకుని తెలుగు సాహిత్యం వరసలోకి వెళ్ళాం. ఆ పుస్తకాల వెన్ను మీద ఉండే వర్గీకరణ అంకె 894.827 దగ్గర ఒక్క రాక్ చూశాం. ఆ రాక్‌లో జాబితాకి ఎక్కినవి 26 పుస్తకాలు. ఒక్కొక్కటీ తీసి చివరి పేజీ తిప్పాం. 19 పుస్తకాల స్లిప్పుల మీద ముద్రలున్నాయి. కొన్నిటికి ఒక స్లిప్పు నిండిపోయి దాని మీదే ఇంకో స్లిప్పు అతికించి ఉంది. 1988, 1994, 2003, 2011. ఒకదాని మీద 2019 జులై ముద్ర ఉంది, అది నేను వేసిందే. మా ముద్ర యంత్రంలో అప్పట్లో 9 అంకె కొంచెం అరిగి ఉండేది, అలాగే పడింది. కంప్యూటర్‌లో మాత్రం ఆ పుస్తకానికి సున్నా.

ఒక్క రాక్ చూసి అంతా ఇంతేనని నేననను. మిగతావి చూడకుండా మీరూ తేల్చకండి అనే నా మనవి.

ఇంకో సంగతి కౌంటర్‌లో కూర్చున్న వాళ్ళకే కనబడుతుంది. పుస్తకం వాడటమంటే ఇంటికి తీసుకెళ్ళడం ఒక్కటే కాదు. రెఫరెన్స్ పుస్తకాలు ఎలాగూ బయటికి ఇవ్వం. మిగతావి కూడా ఎంతో మంది ఇక్కడే తీసుకుని, ఇక్కడే చదివి, బల్ల మీద వదిలేసి పోతారు. సాయంత్రం ట్రాలీలో ఏరుకొచ్చి మళ్ళీ వాటి చోట పెట్టేది మేం. అవి ఏ లెక్కలోనూ పడవు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం మీకు తెలిసే ఉంటుంది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. ఆ అకాడమీని 1983లోనే రద్దు చేశారు. ఈ చేనేత సంపుటం మీ జాబితాలో ఉంది. ఇష్యూలు సున్నా. నిజమే, దాని మీద రెఫరెన్స్ ముద్ర ఉంది కాబట్టి ఎవరికీ ఇవ్వలేదు. రెండేళ్ళ కిందట నగరి వైపు నుంచి ఒక ఎం.ఏ. తెలుగు అబ్బాయి వచ్చాడు. ఇంట్లో మగ్గం ఉండేదట, వాళ్ళ నాయనతోనే ఆగిపోయిందట. ప్రాజెక్టుకి ఏదైనా పుస్తకం చూపించమని అడిగితే దీన్ని తీసిచ్చాను. మూడు రోజులు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం వరండాలో నిలబడి ఫోన్లో వాళ్ళ నాయనని అడుగుతున్నాడు. "దీన్ని మనం ఏమంటాం నాయనా? పుస్తకంలో వేరే మాట ఉండాది." పడుగు, పేక, పన్నె, ఆసు... ఒక్కో మాటా చదివి వినిపిస్తున్నాడు. అవతల ఆయన ఏమన్నాడో గానీ, ఈ పిల్లాడు గోడకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను ట్రాలీ తోసుకుంటూ పక్కనుంచి పోతున్నాను, చూశాను.

దాన్ని మీ లెక్కలో ఎక్కడ రాస్తారు?

పుస్తకం ఇష్యూ కాకపోవడానికి మరో కారణం మా తప్పే, అంటే గ్రంథాలయం తప్పే. పుస్తకాల వివరాలు కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు తెలుగు పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించారు. కొట్టిన వాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో రకంగా కొట్టారు. 'శ్రీ' అన్న ఒక్క అక్షరాన్నే ఎస్ ఆర్ ఐ అని ఒకరు, మధ్యలో హెచ్ పెట్టి ఇంకొకరు, చివర రెండు ఈలు పెట్టి మరొకరు. 'వేంకట'కీ 'వెంకట'కీ మధ్య ఎన్ని రూపాలున్నాయో లెక్కలేదు. ఈ రోజు ఫస్టియర్ పిల్ల ఓపాక్ (పుస్తకాలు వెతికే కంప్యూటర్) ముందు కూర్చుని ఫోన్లో కొట్టినట్టే తెలుగు లిపిలో కొడుతుంది. ఏమీ దొరకలేదని వస్తుంది. పుస్తకం లేదనుకుని వెళ్ళిపోతుంది. ఆ పుస్తకం మూడో వరసలో కింది అరలో ఉందని మాకు తెలుసు కాబట్టి, మమ్మల్ని అడిగిన వాళ్ళకి దొరుకుతుంది. అడగడానికి మొహమాటపడిన వాళ్ళకి దొరకదు. పేరు సరిగ్గా ఎక్కించకుండా పుస్తకాన్ని దాచింది మనమే. ఎవరూ అడగలేదని దాన్ని తీసేసేదీ మనమేనా?

మా పని ఏమిటని ఎవరైనా అడిగితే ముద్ర వేయడం, ఫైన్ కట్టించుకోవడం, పుస్తకాలు సర్దడం అని చెబుతుంటాం. నిజానికి పనంతా అడిగే ప్రశ్నకీ కావలసిన పుస్తకానికీ మధ్య ఉంటుంది. చరిత్ర విద్యార్థి ఒకమ్మాయి పుంగనూరు గురించి పాత పుస్తకాలు కావాలని వచ్చింది. చిత్తూరు జిల్లా అని వెతికితే ఏదీ తగల్లేదు. తగలదు. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకు ముందు ఈ ప్రాంతం చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉండేది. మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. "ఉత్తర ఆర్కాటు అని వెతుకు తల్లీ, పాత డిస్ట్రిక్ట్ మాన్యువల్ ఉంది, మదనపల్లె వైపుది కావాలంటే కడపది చూడు" అని చెప్పాను. ఆ పిల్లకి ఒక్క మాటతో తలుపు తెరుచుకుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరే అయింది. ఇంకో ముప్పై ఏళ్ళకి వచ్చే పిల్లలు తిరుపతి జిల్లా అని వెతికి, 2022కి ముందు ఈ ఊరికి చరిత్రే లేదనుకోకుండా చూసేది ఎవరు? కౌంటర్‌లో ఉన్న మనిషే.

పుస్తకం పేరు తెలియకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ. "అక్కా, ఆకుపచ్చ అట్ట, పోయినేడు మా సీనియర్ తీసుకుంది, లెక్కలది" అంటారు. ఆకుపచ్చ అట్ట మీదా, ఏ ఎడిషన్‌కి ఏ రంగు అట్ట వేశారన్న దాని మీదా మాకున్నంత పట్టు ఎవరికీ ఉండదని గట్టిగా చెప్పగలను. పరీక్షల ముందు ఒక పుస్తకాన్ని తనకే ఉంచుకోవాలని ఫిజిక్స్ పుస్తకాన్ని వేదాంతం రాక్‌లో వెనక దాచే పిల్లలుంటారు. ఏ నెలలో ఏ రాక్ వెనక వెతకాలో మాకు తెలుసు. వేరే చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం కాబట్టి, మధ్యాహ్నం ఎండలో అందరూ కునికిపాట్లు పడే వేళ నేను రాక్‌లు చదువుకుంటూ పోతాను. వెన్ను మీద అంకెలు పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. రాక్‌లు చదవడం అనే మాట బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. మాకది రోజూ చేసే పారాయణం.

గేటు లోపలికి రావడానికే భయపడే పిల్లలూ ఉంటారు. మొన్న వి.కోట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి స్టాక్ రూమ్ గుమ్మంలో నిలబడిపోయింది. లోపలికి పొమ్మంటే, "మేమే ముట్టుకుని తీసుకోవచ్చా అక్కా?" అంది. ఆ మాట నేను ఇరవై ఏళ్ళలో ఎన్నిసార్లు విన్నానో. విన్నప్పుడల్లా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళతాను. మెషీన్ దగ్గర పుస్తకం పెడితే దానంతటదే ఇష్యూ అయ్యే ఏర్పాటు వస్తుందని విన్నాను. రానివ్వండి, వరస తగ్గుతుంది, నేను సంతోషిస్తాను. కానీ ఈ చెయ్యి పట్టుకునే పని కూడా ఎవరో ఒకరు చేయాలి.

2021 నవంబరులో తిరుపతి మునిగిన సంగతి మీరెవరూ మరిచిపోయి ఉండరు. గ్రంథాలయ వారోత్సవాలు 14 నుంచి 20 దాకా ప్రతి ఏడూ చేస్తాం. ఆ ఏడు కూడా హాల్లో పోస్టర్లు కట్టి ఉన్నాయి. 18న వాన మొదలైంది. కొండ మీద నుంచి నీళ్ళు రోడ్ల మీదికి వచ్చేశాయి, కాలనీలు మునిగాయి. మా పాత స్టాక్ గదిలో ఉత్తరం వైపు గోడ నుంచి నీళ్ళు కారి కింది అరలు తడిసిపోయాయి. మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వచ్చిన మేం నలుగురం తడిసిన పుస్తకాలను మొదటి అంతస్తుకి మోశాం. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు, వంకర తిరిగిపోతుంది. పేజీల మధ్య పాత వార్తాపత్రికలు దోపి, విప్పి నిలబెట్టి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. పత్రికలు తడిసిన కొద్దీ మార్చాలి. నునుపు కాగితం మీద బొమ్మలున్న పుస్తకాలైతే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, వాటిని ముందు చూడాలి. వారం పైన ఆ పనే చేశాం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కరెంటు పోయినప్పుడు అట్టలతో విసిరాం.

ఆ గదిలోవే ఈ జాబితాలో చాలా ఉన్నాయి. అట్టల మీద నీటి చారలు ఇంకా కనబడుతున్నాయి. నెలాఖరుకి కట్టలు కట్టమన్నది మమ్మల్నే.

మరో విషయం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను. మొన్నటి స్టాక్ వెరిఫికేషన్‌లో కొన్ని పుస్తకాలు కనబడలేదని మా కౌంటర్ వాళ్ళకి మెమోలు వచ్చాయి. సంజాయిషీ రాయమన్నారు. వెల మా జీతాల్లోంచి పట్టుకుంటామన్నారు. ఒకరి దగ్గర పట్టుకున్నారు కూడా. మాలో ఎక్కువ మందిమి ఔట్‌సోర్సింగ్ వాళ్ళం, ఎదురు మాట్లాడే ధైర్యం తక్కువ. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం ఈ విషయం మీదే ఉంది. ఏడాదిలో ఇష్యూ అయిన, చదివిన పుస్తకాల్లో వెయ్యికి ఐదు పోవడం సహజమేనని, అందులో దొంగతనం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే దాన్ని సమంజసమైన నష్టంగా తీసుకోవచ్చని అందులో రాసి ఉంది. వెయ్యి రూపాయల పైన వెల ఉన్నవీ, అరుదైనవీ పోతే మాత్రం తప్పకుండా విచారించాలంది. నేను గ్రంథాలయ శాస్త్రం డిగ్రీ బి.లిబ్. దూరవిద్యలో చదివేటప్పుడు మా మాస్టారు దీన్ని రెండుసార్లు చదివించారు. తెరిచి ఉంచిన గ్రంథాలయంలో కొన్ని పుస్తకాలు పోతాయని ప్రభుత్వమే ఒప్పుకుంది, ఒప్పుకోకపోతే గ్రంథాలయాన్ని తాళం వేసుకుని కాపాడుకోవాల్సి వస్తుంది కాబట్టి. జీతం కోత భయం మాలో మొదలైతే మేం చేసేదీ అదే. మంచి పుస్తకాల్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. అలాంటి రోజు రాకూడదని కోరుకుంటున్నాను.

ఐదారు పుస్తకాలు కనబడకపోతే మా పేరుపేరునా కాగితం వస్తుంది. ఎక్కడ పెట్టావు, ఎవరికిచ్చావు, ఎప్పుడు చూశావు అని అడుగుతారు. అడగాల్సిందే, అవి మా చేతి మీద ఉన్నవి. కానీ ఇన్ని రాక్‌ల పుస్తకాల్ని ఒకేసారి పంపేసేటప్పుడు, దీన్ని ఎవరు చదువుతున్నారమ్మా అని ఒక్క మాట మమ్మల్ని అడగలేదు. అదే చేతి మీద ఉన్నవే కదా అవీ.

రీడింగ్ హాల్ పెంచవద్దని నేను అనడం లేదు. ఆ అవసరం నాకంటే ఎక్కువగా చూస్తున్న వాళ్ళు ఎవరూ ఉండరు. ఉదయం ఎనిమిదికి తలుపు తీస్తే ఏడున్నరకే మెట్ల మీద వరస ఉంటుంది. నీళ్ళ సీసా, సద్దిడబ్బా, సొంత పుస్తకాల సంచి. 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చిన 2025లో ఆ వరస గేటు దాటి చెట్ల కింద దాకా పోయింది. ఒక గదికి నలుగురు అద్దెకుండి, ఫ్యాన్ కింద ఒక కుర్చీ కోసం పొద్దున్నే నడిచొచ్చే పిల్లలు వాళ్ళు. సీటు దొరకని అబ్బాయి మెట్ల మీదే కూర్చుని బిట్లు చేసుకుంటుంటే దాటుకుంటూ పోవడం నాకు కష్టంగా ఉంటుంది. వాళ్ళకి చోటు కావాలి. చోటు ఎక్కడుందో కూడా నేను చూపించగలను.

తీసేయాల్సిన పుస్తకాలు మా దగ్గర నిజంగా ఉన్నాయి. సిలబస్ మారి ఇరవై ఏళ్ళయిన గైడ్లు పదేసి కాపీలున్నాయి. ఫ్లాపీల కాలం నాటి కంప్యూటర్ మాన్యువల్స్ రెండు బీరువాల నిండా ఉన్నాయి. చట్టం మారిపోయాక కూడా పాత పన్ను చట్టాల పుస్తకాలు ఐదేసి కాపీలున్నాయి, ఒక్కోటి ఉంచితే చరిత్రకి సరిపోతుంది. పత్రికల సంగతి తీసుకోండి. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 మంది ప్రచురణకర్తల 13,000 దాకా జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థల వాళ్ళకి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఆ జర్నల్స్‌వే పాత సంచికలు కలిపి కుట్టించిన బౌండ్ వాల్యూములు మన దగ్గర గోడల పొడవునా ఉన్నాయి. ఏ సంవత్సరాల సంచికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయో సరిచూసుకుని వాటిని గోడౌన్‌కి మార్చండి. నేనే దగ్గరుండి మోయిస్తాను. అక్కడే ఒక హాలంత చోటు వస్తుంది. తెలుగు పుస్తకాలకి అలాంటి ఆన్‌లైన్ దిక్కు లేదు. నెట్‌లో స్కాన్లు ఉన్నాయి కదా అంటారు. కొన్ని ఉన్నాయి. ఒక పరిశోధక విద్యార్థి తెచ్చిన స్కాన్‌ని మా పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూశాం. రెండు చోట్ల పేజీలు లేవు, ఒక చోట స్కాన్ చేసినవాళ్ళ వేలు అడ్డం పడింది.

ఏటా ఆగస్టు 12న, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారి ఫోటోకి మన గ్రంథాలయంలో దండ వేస్తాం. ఆయన 1931లో రాసిన ఐదు సూత్రాల్లో మూడోది, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉన్నాడని. ఈ ఊళ్ళో దానికి సాక్ష్యం వెతుక్కోనక్కరలేదు. తాళ్ళపాక అన్నమయ్య కీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలో ఒక అరలో వందల ఏళ్ళు ఎవరికీ పట్టకుండా ఉన్నాయి. వాటి ఇష్యూ లెక్క తీస్తే ఏముంటుంది? వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు వంటి పెద్దలు కూర్చుని పరిష్కరించి, స్వరపరిచాక ఈ రోజు తెల్లారితే ప్రతి ఇంట్లో వినబడుతున్నాయి. మా 894.827 వరసలో రాగిరేకులు ఉన్నాయని నేననను. ఏముందో పూర్తిగా చూసిన వాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో పనిలేనిది. నెలాఖరు గడువు ఒక్క సెమిస్టర్ ఆపండి. జాబితాలో ఉన్న ప్రతి పుస్తకం చివరి పేజీ తెరిచి స్లిప్పు చూసే పని మా కౌంటర్‌కి ఇవ్వండి. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఇద్దరం కూర్చుంటే అయిపోతుంది, అదనపు జీతం అడగం. స్లిప్పు లేనివి, చివికిపోయినవి, కాపీలు ఎక్కువున్నవి మేమే వేరు చేసి పెడతాం. తెలుగు శాఖ నుంచి, చరిత్ర శాఖ నుంచి ఒక్కొక్కరు వచ్చి ఆఖరి మాట చెబితే చాలు.

అలాగే రేపటి నుంచి బల్లల మీద వదిలేసిన పుస్తకాల్ని సర్దే ముందు స్కాన్ చేయనివ్వండి. ఇప్పుడు మనం వాడుతున్న కోహా సాఫ్ట్‌వేర్‌లో ఇష్యూ కాని పుస్తకాన్ని రిటర్న్ తెరలో స్కాన్ చేస్తే 'లోకల్ యూజ్' (లోపలే చదివినవి) కింద లెక్క రాసుకునే సెట్టింగ్ ఉంది. అది మన దగ్గర ఆపి ఉంది. దాన్ని తెరవడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, అనుమతి కావాలి. ఒక ఏడాది అలా లెక్క రాస్తే, ఏ పుస్తకం చదువుతున్నారో ఏది చదవడం లేదో మీకూ మాకూ ఒకే లెక్క ఉంటుంది. అప్పుడు తీసేయమంటే నేనే కట్టలు కడతాను.

కమిటీలో కౌంటర్ నుంచి ఒకరిని కూర్చోనివ్వండి. నన్నే అని కాదు. మా అటెండర్ అన్న పదో తరగతి దాకా చదివాడు. కానీ ఏ రాక్‌కి చెదలు ఏ నెలలో పడతాయో, ఏ కిటికీ రెక్క వానకి ఆగదో, ఏ ప్రొఫెసర్ గారు ఏ పుస్తకం కోసం మూడు నెలలకోసారి వస్తారో ఆయనకి తెలిసినట్టు నాకు కూడా తెలియదు. ఆయన వచ్చే ఏడు రిటైరవుతున్నాడు.

ఈ ఉత్తరం వల్ల నాకేమైనా ఇబ్బంది వస్తుందేమోనని ఇంట్లో భయపడుతున్నారు. రాదనే నమ్ముతున్నాను. మీలో చాలామంది విద్యార్థులుగా ఉన్నప్పుడు ఏదో ఒక కౌంటర్ ముందు నిలబడి పుస్తకం తీసుకున్న వాళ్ళే. మీలో ఒకరికి నేనే, మీరు పరిశోధన చేసే రోజుల్లో, మూసే వేళ దాటాక లైటు వేసి ఒక పాత పత్రిక సంపుటం వెతికిపెట్టాను. మీకు గుర్తుందో లేదో. ఆ సంపుటం కూడా జాబితాలో ఉంది.

శనివారం మధ్యాహ్నం నాకు కౌంటర్ డ్యూటీ లేదు, అయినా ఉంటాను. మీలో ఎవరికి వీలైతే వాళ్ళు రండి. తెలుగు వరస మొదట్లో ఒక చెక్క స్టూలు ఉంది, ఆ 26 పుస్తకాలూ దాని పక్కనే విడిగా పెట్టి ఉంచాను. చివరి పేజీలు చూద్దురుగాని.

ఇట్లు,
సర్క్యులేషన్ కౌంటర్ నుంచి
ఒక గ్రంథాలయ సహాయకురాలు,
తిరుపతి